నా ప్రకృతి ప్రింట్లు పాఠ్యపుస్తకం బొమ్మల్లా ఎందుకు వస్తున్నాయి?

టీచర్ గారూ, మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు కుదించి చెప్తాను. మీరు జువాలజీ ఎమ్మెస్సీ చేసి, చెన్నై వేలచ్చేరిలో ఒక స్కూల్లో బయాలజీ చెప్తున్నారు. లినో షీటు (చెక్కి, ఇంకు పూసి అచ్చు తీసే మెత్తటి షీటు), టూల్ సెట్టు కొనుక్కుని, నెట్‌లో దొరికిన లకుముకి పిట్ట ఫోటోని ట్రేస్ చేసి, చెక్కి ప్రింట్లు తీశారు. ఇంట్లోవాళ్లు "అచ్చం టెక్స్ట్‌బుక్ బొమ్మే" అన్నారు. ఎగ్జిబిషన్‌లో కలిసిన ఆర్టిస్టు ఒకాయన "ఇది ఇలస్ట్రేషన్, ఆర్ట్ కాదు" అనేశాడు. పైగా పిట్ట కుడికి చూడాల్సింది ఎడమకి చూస్తోంది. ఎచింగ్ (లోహపు రేకు మీద రసాయనంతో గీతలు దింపి అచ్చు తీయడం) నేర్చుకుంటే బాగుపడుతుందా, స్కూలు పిల్లలతో ఏం చేయించవచ్చు, ప్రింట్లు అమ్మవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నాది నెల్లూరు. చదువుకోడానికి మద్రాసు వచ్చి ఇక్కడే ఉండిపోయాను, ప్రింట్‌మేకింగే నా పని. తోచింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఆ ఆర్టిస్టు మాట మనసులో పెట్టుకోకండి. ఇలస్ట్రేషన్‌కీ ఆర్ట్‌కీ మధ్య గోడ కట్టాలని చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1899 నుంచి 1904 దాకా విడతలుగా వేయించిన వంద ప్లేట్లు, అంటే పుస్తకంలో పేజీ నిండా ఉండే అచ్చు బొమ్మలు, చూడండి. జెల్లీఫిష్‌లు, రేడియోలేరియన్లనే కంటికి ఆనని సముద్రజీవులు, సముద్రపు పువ్వులు. అవి సైన్స్ పుస్తకం ప్లేట్లే, గోడకి తగిలించుకునే బొమ్మలూ అవే. ప్రకృతిలో ఉన్నదానికంటే ఎక్కువ సౌష్ఠవం పెట్టాడని ఆయన మీద విమర్శ ఉంది. ఆ విమర్శలో పస ఉంది. ఆర్టా కాదా అన్న తగువులో మాత్రం పస లేదు.

మీ ప్రింటులో ఇబ్బంది వేరే చోట ఉంది. మీరు ఆ పిట్టని చూడలేదు.

ఈ మాటకి కోపం రావచ్చు. మీరు పెట్టిన ఫోటోలో ఉన్నది పొట్ట నారింజ రంగులో ఉండే చిన్న లకుముకి. నెట్‌లో ఇంగ్లిష్‌లో వెతికితే ముందుగా వచ్చేది అదే, ఎక్కువ ఫోటోలు యూరప్‌లో తీసినవే. అది మన దేశంలోనూ ఉంది, కాదనను. కానీ వేలచ్చేరిలో కరెంటు తీగ మీద కూర్చుని అరిచేది ఎక్కువగా దాని పెద్ద చుట్టం: ముదురు గోధుమ రంగు తల, తెల్లటి గొంతు, నీలి రెక్కలు, ఎర్రటి లావు ముక్కు. దానికి చేప తప్పనిసరి కాదు. తొండలు, మిడతలు, పీతలు ఏవి దొరికినా తింటుంది, అందుకే నీళ్లకి దూరంగా ఇళ్ల మధ్య కూడా కనిపిస్తుంది. మీ ప్రింటులో పిట్ట నోట్లో చేప ఉంది. ఆ చేప మీరు చూసి పెట్టింది కాదు, లకుముకి అంటే చేప ఉండాలి కదా అని చెయ్యి తనంతట తనే పెట్టేసింది. టెక్స్ట్‌బుక్ వాసన అక్కడినుంచే వచ్చింది.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. దీనికి 500 ఏళ్ల చరిత్ర ఉంది, అందులో మన దేశపు జంతువు కూడా ఉంది. గుజరాత్ సుల్తాను పోర్చుగీసువాళ్లకి ఇచ్చిన ఒక ఖడ్గమృగం 1515లో లిస్బన్ చేరింది. దాన్ని చూసినవాళ్లెవరో ఒక ఉత్తరం, ఒక గీత బొమ్మ పంపిస్తే, జర్మనీలో న్యూరెంబర్గ్‌లో ఉన్న ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ వాటిని బట్టి బొమ్మ గీసి చెక్కలో అచ్చు వేయించాడు. ఆయన ఆ జంతువుని ఎన్నడూ చూడలేదు. ఒంటి మీద ఇనప కవచం పలకలు, కాళ్లకి పొలుసులు, మెడ వెనక బుజం మీద లేని చిన్న కొమ్ము ఒకటి అదనం. అద్భుతమైన ప్రింటు అది, నాకు చాలా ఇష్టం. అయితే అచ్చు బొమ్మ కాబట్టి వేల కాపీలుగా ఊళ్లు తిరిగింది. ఆ లేని కొమ్ముతో సహా 18వ శతాబ్దం దాకా యూరప్ పుస్తకాల్లో ఖడ్గమృగం అంటే అదే. చేత్తో గీసిన ఒక్క బొమ్మలో తప్పుంటే ఒక్కచోటే ఉంటుంది. ప్రింటులో తప్పుంటే అది ప్రయాణం చేస్తుంది.

మన తెలుగు నేల మీద కూడా ఇలాంటి కథే ఉంది, కాకపోతే తిరగబడి. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట వేసి, కోరమండల్ తీరం మొక్కల్ని స్థానిక చిత్రకారులతో గీయించాడు. ఆ బొమ్మలు లండన్ వెళ్లాయి. అక్కడ రాగి రేకుల మీద చెక్కి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, 300 ప్లేట్లుగా వేశారు. మొక్కల తెలుగు పేర్లు కూడా అందులో ఉన్నాయి, చూస్తే సరదాగా ఉంటుంది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, మొక్కని చూసిన కన్ను గోదావరి జిల్లాలో ఉంది, రేకు చెక్కిన చెయ్యి లండన్‌లో ఉంది. గీసినవాళ్లలో చాలామంది పేర్లు మనకి మిగల్లేదు.

తరవాత తరంలో మద్రాసులో రాబర్ట్ వైట్ అనే ఇంకో డాక్టరు వచ్చాడు. బొమ్మల్ని లండన్ పంపి కూర్చోకుండా, ఇక్కడే లితోగ్రఫీ, అంటే రాతి పలక మీద గీసి అచ్చు తీయడం, మొదలుపెట్టాడు. 1838 నుంచి 1853 దాకా ఆయన తెచ్చిన సంపుటాల్లో రెండు వేలకి పైగా ప్లేట్లున్నాయి. వాటిని గీసినవాళ్లలో ముఖ్యులు రంగయ్య, గోవిందు. ఆ పేర్లు ప్లేట్ల మీదే అచ్చయ్యాయి. గోవిందు పేరు మీద వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి పేరు కూడా పెట్టాడు. ఈ పుస్తకాలన్నీ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక ఆదివారం రాక్స్‌బర్గ్ ప్లేటొకటి, వైట్ ప్లేటొకటి పక్కపక్కన పెట్టుకుని చూడండి. రాక్స్‌బర్గ్‌ది దర్జాగా, రంగులతో పెద్దగా ఉంటుంది. వైట్‌ది చిన్నది, చవకది, చాలావరకు నలుపు తెలుపే. నాకైతే రెండోదే ఎక్కువ నచ్చుతుంది. ఆకు ఎక్కడ మడత పడిందో, కాయ కోస్తే లోపల గింజ ఎటు వేలాడుతోందో పక్కనే మొక్క పెట్టుకుని గీసిన నమ్మకం ఆ గీతలో కనిపిస్తుంది.

లితో రాయి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్క మాట, బయాలజీ టీచరుకి నచ్చుతుందని. మేలైన లితో రాయి అంటే బవేరియాలో జోల్న్‌హోఫెన్ గనుల సున్నపురాయే. 1861లో ఆ రాతి పొరల మధ్యే ఒక ఈక అచ్చు బయటపడింది. దాని వెంటే ఆర్కియాప్టెరిక్స్ అనే, ఈకలున్న పాతకాలపు జీవి శిలాజం వచ్చింది. జాతి పేరు లితోగ్రాఫికా. ఆ ఈక రాయిని చీల్చినప్పుడు రెండు పలకల మీదా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంది. మనం చేసే పనినే ఆ రాయి పదిహేను కోట్ల ఏళ్ల కిందటే చేసి పెట్టింది.

ఇక మీ పిట్ట ఎడమకి తిరగడం గురించి. బ్లాకు, అంటే చెక్కిన లినో, మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది. పిట్టకైతే పెద్ద నష్టం లేదు, ఎటు చూసినా పిట్టే. కానీ బెసెంట్ నగర్ బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వో, నత్త గుల్లో చెక్కితే మాత్రం జాగ్రత్త. ఇంట్లో మామూలు శంఖం ఉంటే, సుడి కొస పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడి పక్కన ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు బ్లాకు మీద గీసి చెక్కితే ప్రింటులో నోరు ఎడమ పక్కకి వస్తుంది. అంటే పూజగదుల్లో అపురూపంగా దాచుకునే దక్షిణావర్త శంఖం తయారైపోతుంది! లక్షలు పోసి కొనేవాళ్లున్న వస్తువుని మీరు పైసా ఖర్చు లేకుండా అచ్చేసినట్టు. రెంబ్రాంట్ 1650లో వేసిన శంఖు గుల్ల ఎచింగ్‌లోనూ ఇదే జరిగింది. తన సంతకం మాత్రం సరిగ్గా వచ్చేలా రేకు మీద తిప్పి రాసుకున్నాడు, గుల్లని తిప్పలేదు. ఆ గుల్ల ఇప్పటికీ అడ్డం తిరిగిన సుడితోనే ఉంది. అంత చెయ్యి తిరిగిన మనిషి కావాలనే వదిలేశాడో, పట్టించుకోలేదో ఎవరికి తెలుసు.

విరుగుడు సులువు. ట్రేసింగ్ పేపరు మీద 4బి పెన్సిల్‌తో గీసి, గీసిన వైపు లినో మీద బోర్లించి, వెనక నుంచి చెంచాతో రుద్దండి. బొమ్మ లినో మీద తిరగబడి దిగుతుంది, ప్రింటులో మళ్లీ సరిగ్గా వస్తుంది. తీగ మొక్కలు, పెండలం లాంటివి చెక్కినప్పుడు ఇది మరవకండి. పెండలాల్లో తీగ ఎటు చుట్టుకుంటుందన్నది జాతిని గుర్తుపట్టే లక్షణం.

సరే, లకుముకికే వద్దాం. ఫోటో పక్కన పెట్టి, ఒక వారం రోజులు పొద్దున స్కూలుకి వెళ్లేముందు ఆ తీగ కిందో, పళ్లికరణై చిత్తడి అంచునో నిలబడి గీయండి. బాగా రానక్కర్లేదు. తల ఎంత, ముక్కు ఎంత, తోక ఎంత పొట్టి, కూర్చున్నప్పుడు ఒళ్లు ఏ వాలులో ఉంది, ఇవి చాలు. ఆ పిట్ట ముక్కు పొడుగు చూసి మీకే ఆశ్చర్యం వేస్తుంది, చెయ్యి ఎప్పుడూ దాన్ని తగ్గించి గీస్తుంది. ఈకల లెక్క కావాల్సి వచ్చినప్పుడు ఫోటో చూడండి, తప్పు లేదు. ఎముకల అమరిక కోసం ఎగ్మోర్ మ్యూజియంలో జంతుశాస్త్ర గ్యాలరీకి వెళ్లండి. నిలబడే తీరు మాత్రం ఫోటో నుంచి తీసుకోవద్దు.

తరవాత లినో మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: ఏది నలుపు, ఏది తెలుపు? మధ్యలో ఇంకోటి లేదు. ఈ పిట్టకి తెల్లటి గొంతు ఉంది, అక్కడ లినో మొత్తం తీసేయండి, కాగితమే గొంతు అవుతుంది. తల ముదురు గోధుమ, ముట్టుకోకుండా వదిలేయండి. చిక్కంతా రెక్కతోనే. ఆ నీలం నిజానికి రంగు పదార్థం కాదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుతురుని చెదరగొట్టడం వల్ల కనిపించే నీలం, మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి డబ్బాలో నీలం ఇంకు కొని పూస్తే ఆ మెరుపు రాదు. నేనైతే అక్కడ సన్నటి వి-టూల్‌తో ఈక పోయే దిక్కులోనే దగ్గర దగ్గరగా గీతలు లాగుతాను, అంచుకి వచ్చేసరికి గీతల మధ్య ఎడం పెంచుతాను. నలుపు మీద తెల్ల గీతలు వణుకుతూ కనిపిస్తాయి, కంటికి మెరుస్తున్నట్టే అనిపిస్తుంది. నల్ల ఇంకు ఒక్కటే, నీలం చూసేవాడు తెచ్చుకుంటాడు. లినో గట్టిగా ఉండి టూలు జారిపోతుంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. చెన్నైలో ఎండకి కరువు లేదు కదా. చెక్కే చేతికి ముందు ఎప్పుడూ రెండో చెయ్యి పెట్టకండి.

ఎచింగ్ నేర్చుకుంటే బాగుపడుతుందా అని అడిగారు. పద్ధతి మార్చినంత మాత్రాన బొమ్మ బాగుపడదు. ఏ జీవి గురించి ఏం చెప్పాలనుకుంటున్నారో దాన్ని బట్టి పద్ధతి దొరుకుతుంది. పీత, తేలు, తాటాకు, మర్రి ఊడలు లాంటి గట్టి అంచులున్నవి లినోకి లొంగుతాయి. రాత్రి ట్యూబ్‌లైటు దగ్గరికి వచ్చే మాత్‌ల ఒంటి మీద నూగు ఉంటుంది చూశారా, అది లినోలో ఎంత తిప్పలు పడ్డా రాదు. దానికి డ్రైపాయింట్. అక్రిలిక్ షీటు మీద సూదితో గీస్తే గీత పక్కన అంచు లేస్తుంది, ఆ అంచు ఇంకుని పట్టుకుని కాగితం మీద మెత్తగా, మఖమల్‌లా దిగుతుంది. పది పదిహేను ప్రింట్లకే ఆ అంచు అరిగిపోతుంది, కాబట్టి ఎక్కువ కాపీలు ఆశించొద్దు. అక్రిలిక్ కూడా వద్దనుకుంటే జ్యూస్ తాగేసిన టెట్రా ప్యాక్ కోసి, కడిగి, లోపలి వెండి వైపు గీయండి. చిన్నచిన్న ప్లేట్లకి పాస్తా మెషీనునే ప్రెస్సులా వాడేవాళ్లున్నారు, బాగానే పని చేస్తుంది.

ఎచింగ్‌లో మీలాంటివాళ్లకి నేను ముందు చూపించేది సాఫ్ట్ గ్రౌండ్. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే సైన్స్ చదివినవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోతారు, మంచి అర్థంలో.

ఇక్కడ వీధుల్లో కానుగ చెట్లు బోలెడు. ఆకుల మీద పొక్కులు పొక్కులుగా ఉంటాయి. కంటికి ఆనని మైట్‌ల వల్ల వచ్చే గాల్స్ అవి. రాలిన వాటిలో పొక్కులున్న లేత ఆకు ఒకటి తీసుకోండి. రాగి రేకుకి సాఫ్ట్ గ్రౌండ్ పూస్తారు, గ్రీజు కలిసిన మైనం లాంటిది, ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. దాని మీద ఆకుని అడుగువైపు కిందికి పెట్టాలి, ఈనెలు ఉబ్బి ఉండేది ఆ వైపే. పైన నూనె కాగితం వేసి, ప్రెస్సులో కొద్దిపాటి ఒత్తిడితో తిప్పి, పటకారుతో తొడిమ పట్టుకుని మెల్లగా ఎత్తండి. ఆకుతో పాటు ఈనెలు నొక్కిన చోటల్లా మైనం లేచిపోయి, కింద రాగి మెరుస్తుంది. నడి ఈనె, దాని కొమ్మలు, కొమ్మల మధ్య వలలా అల్లుకున్న అతి సన్నటి ఈనెలు అన్నీ ఉంటాయి. పొక్కులున్నచోట వల ఆగిపోయి చిన్న గుండ్రటి మరకలు పడతాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో పావుగంట ఉంచితే లేతగా, అరగంట దాటితే ముదురుగా దిగుతుంది. ఆ పొక్కుల వల్లే అది ఏదో కానుగాకు కాకుండా ఆ ఫలానా చెట్టు ఆకు అవుతుంది. క్లాసులో పెట్టే మోడల్ ఆకుకి పొక్కులు ఉండవు, పురుగు కొరికిన కన్నం ఉండదు, అంచు చిరగదు. చెట్టు మీద అలాంటి ఆకు మీకు ఒక్కటి దొరుకుతుందేమో వెతకండి చూద్దాం.

ఆకునే అచ్చుగా వాడటం మద్రాసుకి కొత్త కాదు. 1857లో ఇక్కడి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ ప్రెస్సు నుంచి హెన్రీ స్మిత్ మొక్కలతోనే తీసిన ప్రింట్ల పుస్తకం తెచ్చాడు. మంగుళూరు బాసెల్ మిషన్ ప్రెస్సు 1862లో ఇంకోటి వేసింది. మధ్యలో గీసే చెయ్యి లేదు కాబట్టి అబద్ధానికి చోటు లేదని అప్పట్లో సంబరపడ్డారు. కొంతవరకే నిజం. అణిచేసిన పువ్వు పువ్వులా ఉండదు. మందార రేకులన్నీ ఒకదానిమీద ఒకటి పడి చిత్తడి మరక అవుతాయి, ఆకు మాత్రం అద్భుతంగా వస్తుంది. మధ్యలో మనిషి లేకపోతే నిజం దానంతట అదే వచ్చేస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఏ ఆకు ఏరాలి, ఎంత ఇంకు పూయాలి అన్నదైనా ఎవరో ఒకరు తేల్చాలి.

మీకు జువాలజీ తెలుసు కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. మరియా సిబిల్లా మెరియన్ అనే జర్మన్ మహిళ 1699లో కూతురితో కలిసి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి, 1705లో 60 ప్లేట్ల పుస్తకం వేసింది. అందులో ఒక్కో ప్లేటులో గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక, అవి తినే మొక్క అన్నీ కలిపి ఉంటాయి. ఆకులకి కన్నాలుంటాయి, ఎందుకంటే పురుగు తింది కాబట్టి. పురుగుని పిన్ను గుచ్చి విడిగా చూపించే రోజుల్లో అది కొత్త చూపు. మీ స్కూలు దగ్గర ఖాళీ స్థలంలో జిల్లేడు పొద ఉండే ఉంటుంది. ఆకులు తిరగేసి చూడండి. నలుపు, పసుపు, తెలుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల మెత్తటి కొమ్ములతో ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు దొరుకుతుంది. ఆ కుటుంబం పురుగులు ముందు ఈనెని కొరికి పాలు కారిపోనిచ్చి, ఆ తరవాత తీరిగ్గా తింటాయి. ఆ కొరికిన ఈనె, కారిన పాల చుక్క, వాలిపోయిన ఆకు. ఈ మూడూ ఉన్న ప్రింటు ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేదు. పట్టీలున్న పురుగు కాబట్టి లినోకి చక్కగా సరిపోతుంది కూడా.

ఇదంతా చూసినదాన్ని చూసినట్టు వేయడం. దానికి అవతలి దారి కూడా ఉంది, అది నడిచి చూపించినవాడు మనవాడే. కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, 1940ల చివర్లో ఇక్కడే కళాక్షేత్రంలో కళావిభాగం చూసి, ఆ తరవాత లండన్ మీదుగా పారిస్ వెళ్లారు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అతెలియే 17 స్టూడియోలో, కైకో మోతీతో కలిసి, ఒకే రేకు మీద ఒకేసారి చాలా రంగులు అచ్చేసే విస్కాసిటీ పద్ధతిని నిలబెట్టారు. ఆయన శిల్పి. రేకుని కాగితంలా కాకుండా రాయిలా చూసి, మెట్లు మెట్లుగా వేరువేరు లోతుల్లో చెక్కేవారు. నూనె ఎక్కువున్న పల్చటి ఇంకుని గట్టి రోలరుతో పై మెట్టుకి అంటిస్తారు. తరవాత చిక్కటి ఇంకుని మెత్తటి రోలరుతో గట్టిగా నొక్కి దొర్లిస్తే అది లోతుల్లోకి దిగుతుంది, పైన ఉన్న నూనె ఇంకు మాత్రం దాన్ని అంటుకోనివ్వదు. రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలబడతాయి.

ఆయన మొదట్లో వేసినవాటిలో పురుగు, చేప, జెల్లీఫిష్ ఉన్నాయి. 1963లో వేసిన సుడిగుండం ప్రింటు నెట్‌లో వెతికి చూడండి. అందులో ఒడ్డు లేదు, పడవ లేదు, ఎక్కడినుంచి చూస్తున్నామో తెలియదు. నీళ్లు తిరిగే తీరే ఉంది. లోపలికి లాగే గీతలు, వాటిని అడ్డుకునే గీతలు, గళ్లు గళ్లుగా విడిపోయే రంగు. నీళ్లు ఎలా కనిపిస్తాయన్నది వదిలేసి ఎలా పని చేస్తాయో వేశారనిపిస్తుంది. మీరు ఫిజియాలజీ చెప్పేటప్పుడు చేసేది కూడా అదే కదా. అయితే ఆయన బొమ్మ చూసి ఆ వలలూ ఆ రంగులూ దింపకండి. చాలామంది చేస్తారు, అన్నీ ఒకేలా ఉంటాయి. జిల్లేడు, లకుముకి చెక్కిన తరవాత, చెయ్యి కుదిరాక అటు వెళ్లండి.

ఇంట్లో రసాయనాల విషయం. నైట్రిక్ ఆమ్లం ఇంట్లోకి తేవద్దు, అంతే, ఇందులో బేరం లేదు. రాగి రేకుకి ఫెర్రిక్ క్లోరైడ్ చాలు. సర్క్యూట్ బోర్డులకి వాడేదే, రిచీ స్ట్రీట్‌లో అడిగితే ఇస్తారు. గ్లౌజులు, కళ్లద్దాలు, ప్లాస్టిక్ ట్రే తప్పనిసరి. అల్యూమినియం గిన్నెలో పోశారంటే వేడెక్కి పొంగుతుంది. బట్టల మీద, సింకు మీద పడిన మరక పోదు. వాడేసినదాన్ని కాలవలో పారబోయకండి, అందులో కరిగిన రాగి ఉంటుంది, చేపలకి విషం. వాషింగ్ సోడా కొద్దికొద్దిగా కలిపి, నురగ ఆగేదాకా ఆగి, అడుగున పేరుకున్న మడ్డిని విడిగా డబ్బాలో మూసి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి. పళ్లికరణై పక్షుల మీద ప్రింట్లు వేస్తూ ఆ నీళ్లలోకే రాగి వదిలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నిజానికి ఎచింగ్ ఇంట్లో మొదలుపెట్టకుండా ఉండటమే మంచిది. గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రంలో గ్రాఫిక్స్ స్టూడియో ఉంది. వెళ్లేముందు ఫోన్ చేసి, బయటివాళ్లకి ఏ నియమాల మీద ఇస్తున్నారో కనుక్కోండి. పక్కన పని చేసేవాళ్లని చూస్తే ఒక పూటలో తెలిసేది వీడియోల్లో నెలకి కూడా తెలియదు.

పిల్లల దగ్గరికి టూల్స్ తీసుకెళ్లకండి, చిన్న క్లాసులకి అసలే వద్దు. ఆకు ప్రింట్లు చేయించండి. ఆకుల్ని ఒక రోజు పాత న్యూస్‌పేపర్ల మధ్య ఉంచితే కొంచెం వాడి, బల్లపరుపుగా అవుతాయి. పూర్తిగా ఎండితే విరుగుతాయి. అడుగువైపు పల్చగా రంగు అద్ది, కాగితం మీద పెట్టి, పైన ఇంకో కాగితం వేసి వేళ్లతో నొక్కమనండి. మొదటి ప్రింటు ముద్దగా వస్తుంది, పిల్లలు నిరాశ పడతారు. మళ్లీ రంగు వేయకుండా అదే ఆకుతో రెండోది తీయించండి, ఈనెలన్నీ అందులోనే కనిపిస్తాయి. వేప, రావి, చింత, కానుగ పక్కపక్కన పెడితే ఈనెల అమరిక మీద మీ పాఠం సగం అయిపోయినట్టే. గిండీ నేషనల్ పార్కుకి తీసుకెళ్తే అక్కడి నుంచి ఆకు కూడా తేనివ్వకండి. పక్షి ఈకలు, నెమలి ఈకలు పోగుచేయించవద్దు, వన్యప్రాణి చట్టంతో తలనొప్పి. స్కూలు ఆవరణలో రాలినవి చాలు.

ఇంకు గురించి అడగలేదు కానీ చెప్పేస్తాను. లినోకి నూనె ఇంకు వాడండి. ఆఫ్‌సెట్ ప్రెస్సుల ఇంకు కూడా పని చేస్తుంది. మే నెలలో నీళ్ల ఇంకు రోలరు మీదే ఎండిపోతుంది. నవంబరు వానల్లో నూనె ఇంకు ఎన్నాళ్లకీ ఆరదు, అప్పుడు తీసిన ప్రింట్లని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా తాడుకి క్లిప్పులతో వేలాడదీయండి. ప్రెస్సు లేకపోతే స్టీలు గరిటె వెనకవైపుతో మధ్యనుంచి అంచులకి రుద్దండి, ఒక మూల ఎత్తి చూస్తూ ఉండండి.

అమ్మవచ్చా అంటే, భేషుగ్గా అమ్మవచ్చు. ఎన్ని తీస్తారో ముందే అనుకుని, అన్నీ ఒకేలా వచ్చాక ప్రింటు కింద పెన్సిల్‌తో ఎడమ పక్కన నంబరు, కుడి పక్కన సంతకం పెట్టండి. ఇరవై తీస్తే ఐదోది 5/20. ఇరవై అన్నాక ఇరవై ఒకటోది తీయకూడదు, కొన్నవాళ్లతో అది ఒప్పందం. ఇప్పుడు మీ దగ్గరున్న లకుముకి ప్రింట్లు మాత్రం అమ్మకండి. అవి వేరేవాళ్లు తీసిన ఫోటో మీద ట్రేస్ చేసినవి, కాపీరైట్ గొడవ ఉంది. తీగ మీద పిట్టని చూసి గీసింది చెక్కాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. బ్లాకు ఫోటో కూడా పెట్టండి, ప్రింటు కన్నా బ్లాకు చూస్తే ఎక్కడ చెయ్యి తడబడిందో తొందరగా తెలుస్తుంది.